గుంతలో పడి టైరు ఉబ్బింది, అల్లాయ్ రిమ్ము వంగింది: ఏది మార్చాలి, ఏది బాగుచేయించాలి?

పొదిలి_బాట
మొన్న రాత్రి ఒంగోలు నుంచి పొదిలికి వస్తుండగా, చీమకుర్తి దాటిన తరువాత, వాన నీళ్లు నిండి రోడ్డుతో సమానంగా కనిపించిన ఒక గుంతలో కారు ముందు ఎడమ చక్రం పడింది. చప్పుడు గట్టిగానే వచ్చినా గాలి దిగలేదు, బండి కూడా మామూలుగానే నడిచింది. తెల్లవారి చూస్తే టైరు సైడు మీద నిమ్మచెక్క బోర్లించినంత ఉబ్బు లేచి ఉంది, అల్లాయ్ రిమ్ము అంచు లోపలికి నొక్కుకుపోయింది. కారుతో పాటు వచ్చిన టైర్లే, కొలత 195/55 ఆర్16, రెండేళ్లు దాటాయి, గ్రిప్పు ఇంకా సగానికి పైగా ఉంది.
మూడు చోట్ల అడిగితే మూడు మాటలు చెప్పారు. మొదటి దుకాణంలో లోపల ప్యాచ్ వేసి, రిమ్మును వేడిచేసి కొడితే హాయిగా తిరగవచ్చన్నారు. రెండో చోట ముందు రెండు టైర్లూ, ఒక రిమ్మూ కొత్తవి వేయక తప్పదన్నారు. మూడో ఆయన చక్రం వైపు తొంగి కూడా చూడకుండా నాలుగు టైర్ల ధర చెప్పాడు. ఇందులో అవసరమెంత, అమ్మకమెంత అన్నది అనుభవమున్నవారు చెప్పాలి. బీమా ఉంది కానీ ఇంతవరకు క్లెయిమ్ చేయలేదు. ఆ గుంత గురించి ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా తెలియదు.

కావలి_స్టెప్నీ
ముందు ఆ చక్రం విప్పి స్టెప్నీ వేసుకోండి, మిగతావి తరువాత మాట్లాడుకోవచ్చు. మీ స్టెప్నీ మిగతా చక్రాల కంటే సన్నగా ఉండే రకమైతే గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దని దాని మీదే రాసి ఉంటుంది. అది టైరు షాపు దాకా చేరడానికి ఇచ్చినదే తప్ప దాని మీద తిరుపతి యాత్ర చేయడానికి కాదు.

ఆటోనగర్_మేస్త్రి
నెల్లూరులో టైర్ల పనే నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. టైరు బలం రబ్బరులో లేదు, రబ్బరు లోపల దాగిన దారాలలో ఉంది. కారు టైరు సైడులో పాలిస్టర్ దారాల పొర ఒకటో రెండో ఉంటాయి. స్టీలు బెల్టులు రోడ్డుకు ఆనే గ్రిప్పు భాగం కింద మాత్రమే ఉంటాయి. గుంత అంచు తగిలినప్పుడు సైడు మడతపడి, రిమ్ము అంచుకూ రోడ్డు అంచుకూ మధ్య నలిగి, దారాలు తెగిపోతాయి. అవి తెగిన చోట లోపలి గాలిని ఆపడానికి ఉత్త రబ్బరు మాత్రమే మిగులుతుంది కాబట్టి అది బయటికి ఉబ్బుతుంది. లోపల ప్యాచ్ వేస్తే గాలి ఆగవచ్చు, తెగిన దారాలు మాత్రం అతకవు. ప్యాచ్ అనేది గ్రిప్పు భాగంలో మేకు దిగి పడిన, 6 మిల్లీమీటర్లకు మించని రంధ్రానికే పనికివస్తుంది. ఉబ్బిన టైరు ఈ రోజు పేలుతుందా, ఆరు నెలలకు పేలుతుందా అని ఎవరూ చెప్పలేరు, వేగంగా వెళ్తూ టైరు వేడెక్కినప్పుడు పేలే అవకాశం మాత్రం ఎక్కువ.
చదివేవారు కంగారుపడకుండా ఇంకొక మాట. టైరు సైడు మీద నిలువుగా సన్నటి లొత్త కనిపిస్తే అది లోపలి పొర అతుకు పడిన చోటు, దానివల్ల ప్రమాదం లేదు. బయటికి ఉబ్బినదే ప్రమాదం.

గ్రానైట్_లారీ
మేస్త్రి గారు భయపెడుతున్నారు. మా లారీ టైర్ల సైడుకు దెబ్బ తగిలితే గుంటూరులోనూ ఒంగోలులోనూ ప్యాచ్ వేయించి, పైగా రీబటన్ చేయించి, అంటే అరిగిన టైరు మీద కొత్త గ్రిప్పు వేయించి, ఇరవై టన్నులకు పైగా బరువుతో తిప్పుతున్నాం. పది మంది ఎక్కని కారుకు ఇంత హడావిడి ఎందుకు?

ఆటోనగర్_మేస్త్రి
లారీ రేడియల్ టైరు సైడులో ఉండేవి స్టీలు తీగలు. దానికి దెబ్బ కొలతను బట్టి తయారుచేసిన ప్రత్యేకమైన ప్యాచ్‌లు ఉన్నాయి, వాటిని వేడి మీద ఒత్తి అతికించే యంత్రాలు ఉన్నాయి, ఎంత పొడవు తెగితే చేయవచ్చో హద్దులూ ఉన్నాయి. రీబటన్‌ను తట్టుకునేలా ఆ టైరును మొదటి నుంచే మందంగా కడతారు. కారు టైరు సైడు పలచన, లోడుకు కాక మెత్తదనానికి చేసినది. ఇంకొక సంగతి, మీ లారీకి వెనుక జంట చక్రాలుంటాయి, ఒకటి పోయినా పక్కది కాస్తుంది. కారు ముందు చక్రానికి పక్కన ఎవరూ లేరు.

ఒంగోలు_గిత్త
గ్రానైట్ లారీలు తవ్విన గుంతలో పడి, గ్రానైట్ లారీ యజమాని దగ్గరే సలహా తీసుకునే భాగ్యం మన జిల్లా వారికే దక్కుతుంది.

గ్రానైట్_లారీ
గిత్త గారూ, గుంతను మొదలుపెట్టేది నీళ్లు. తారు పొరలో చిన్న పగులు పడితే వాన నీళ్లు అందులోకి దిగి, కింది కంకరను మెత్తబరుస్తాయి, ఆ తరువాత ఏ చక్రం ఎక్కినా పైపొర కుంగి పెచ్చులు లేస్తుంది. పక్క కాలువ పూడిపోయి నీళ్లు నిలిచే చోటనే గుంతలు ఎందుకు పడతాయో ఒకసారి గమనించండి. బరువు వల్ల ఆ పని తొందరగా జరుగుతుందన్నది నిజమే, అది నేను కాదనను.

లేత్_పని
రిమ్ము సంగతి నేను చెబుతాను. స్టీలు రిమ్ము వంగితే కొట్టి సరిచేయవచ్చు, ఆ లోహానికి ఆ గుణం ఉంది. అల్లాయ్ రిమ్ము అల్యూమినియం మిశ్రమం పోత పోసి, తరువాత ప్రత్యేకమైన వేడి ప్రక్రియతో గట్టిపరచినది. దాన్ని గ్యాస్ మంటతో ఇష్టం వచ్చినంత కాల్చి సుత్తితో కొడితే ఆ గట్టితనం పోతుంది, లేదా కొట్టిన చోట కంటికి కనిపించని పగులు పుడుతుంది. లోపలి అంచు కొద్దిగా వంగినప్పుడు హైడ్రాలిక్ జాకీ ఉన్న యంత్రం మీద మెల్లగా నొక్కి సరిచేసేవారు ఉన్నారు. అది తప్పు కాదు. పగిలిన రిమ్మును, ముఖ్యంగా చువ్వల దగ్గర గానీ నట్ల రంధ్రాల దగ్గర గానీ పగిలినదాన్ని, వెల్డింగ్ చేయించి వాడటం మాత్రం నేను ఒప్పుకోను. ఆ పని అడిగినవారిని వెనక్కి పంపిస్తాను, వారు పక్క వీధిలో చేయించుకుంటారు.
పగులు తెలుసుకోవడానికి టైరు విప్పి, లోపలి భాగాన్ని శుభ్రంగా కడిగి, వెలుతురులో వేలితో తడిమి చూడాలి. టైరు ఎక్కించిన తరువాత అంచు చుట్టూ సబ్బు నీళ్లు రాస్తే గాలి కారే చోట బుడగలు వస్తాయి.

కందుకూరు_కారు
నా కారుకు రిమ్ము వంగిందని తెలియక, రోజూ కొంచెం గాలి దిగుతుంటే పంక్చర్ అనుకొని టైరంతా నీళ్లలో ముంచి వెతికించాను. చివరకు గాలి టైరు నుంచి కాక రిమ్ము అంచు నుంచి పోతోందని ఒక కుర్రవాడు సబ్బు నీళ్లతో పట్టుకున్నాడు.

సర్వే_రిపోర్టు
బీమా గురించి చాలామందికి అపోహలు ఉన్నాయి. మామూలు సమగ్ర పాలసీలో టైరు ఒక్కటే దెబ్బతింటే ఏమీ రాదు. అదే సమయంలో వాహనంలోని మరొక భాగం కూడా దెబ్బతింటేనే టైరు ఖరీదులో 50 శాతం ఇస్తారు. మీ విషయంలో రిమ్ము కూడా వంగింది కాబట్టి అడగవచ్చు. రిమ్ము లోహ భాగం, దానికి తరుగు, అంటే పాతబడినందుకు తీసేసే మొత్తం, వాహనం వయసును బట్టి ఉంటుంది: రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు అయితే 15 శాతం.
లెక్క కోసం టైరు 7,000, రిమ్ము 9,000 రూపాయలు అనుకుందాం. టైరుకు 3,500, రిమ్ముకు 7,650, మొత్తం 11,150 వస్తుంది. 1500 సీసీ వరకు ఉన్న కార్లకు ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించవలసిన 1,000 తీసేస్తే 10,150 మిగులుతుంది. ఇది చూసి సంబరపడకండి. క్లెయిమ్ లేని సంవత్సరాలకు ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ వెళ్తుంది. మీకు రాబోయే రెన్యువల్‌లో 35 శాతం రావలసి ఉంటే క్లెయిమ్ చేసినందుకు సున్నా అవుతుంది. సొంత నష్టపు ప్రీమియం, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టేది, 8,000 అనుకుందాం. క్లెయిమ్ చేయకపోతే వచ్చే తగ్గింపుకూ, సున్నా నుంచి మళ్లీ మొదలయ్యే తగ్గింపుకూ ఉన్న తేడా వల్ల మొదటి ఏడాది 2,800, తరువాతి రెండేళ్లు 2,000 చొప్పున, ఆపైన 1,200, 400 నష్టపోతారు. కలిపితే 8,400. అంటే పది వేలు తీసుకొని ఐదేళ్లలో ఎనిమిది వేలకు పైగా తిరిగి కడుతున్నారన్నమాట. కారు విలువ ఏటా తగ్గి ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి ఈ నష్టం కొంత తక్కువ ఉండవచ్చు. సస్పెన్షన్ కూడా దెబ్బతిని ఖర్చు ఇరవై, ముప్ఫై వేలకు వెళితే క్లెయిమ్ చేయండి, లేకపోతే ఆలోచించండి.

కావలి_స్టెప్నీ
తరుగు లెక్కించకుండా ఇచ్చే జీరో డిప్రీసియేషన్ కవర్ తీసుకున్నవారికి టైరు పూర్తిగా ఇస్తారా?

సర్వే_రిపోర్టు
రిమ్ముకు తరుగు తీయరు. టైర్లకు మాత్రం చాలా పాలసీలలో ఆ సౌకర్యం వర్తించదు. టైర్ల రక్షణకు వేరే అదనపు కవర్ ఉంటుంది, బోనస్ కాపాడే కవర్ కూడా వేరే ఉంటుంది. పాలసీ కాగితంలో ఆ పేర్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఏది చేసినా సర్వేయర్ చూడకముందే చక్రం బాగుచేయించి, పాత టైరు పాతసామాన్లవాడికి ఇచ్చేస్తే క్లెయిమ్ అక్కడితో ముగిసినట్టే.

చేపలపులుసు
టైరు కంపెనీ వారంటీ ఉండదా? రెండేళ్లకే ఉబ్బిందంటే సరుకు నాణ్యత లేదనే కదా?

ఆటోనగర్_మేస్త్రి
మామూలు వారంటీ తయారీ లోపానికే. కంపెనీ మనిషి టైరు విప్పి లోపల చూస్తే దెబ్బ వల్ల తెగిన దారాలు స్పష్టంగా కనిపిస్తాయి, వెంటనే తిరస్కరిస్తారు. కొన్ని కంపెనీలు కొన్ని రకాల టైర్లకు రోడ్డు దెబ్బలకు కూడా వర్తించే వారంటీ ఇస్తాయి, కొన్న వెంటనే బిల్లుతో నమోదు చేసుకోవాలి. కారుతో వచ్చిన టైర్లకు సాధారణంగా ఆ భాగ్యం ఉండదు.

పొదిలి_బాట
అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు టైరు విప్పించి నేనే పక్కన నిలబడి చూశాను. బయట కనిపించిన ఉబ్బు కాక, లోపలి వైపు, సస్పెన్షన్‌కు ఎదురుగా ఉండే సైడు మీద ఇంకొకటి ఉంది. చక్రం బండికి ఉన్నంతసేపు అది ఎవరికీ కనిపించదు. టైరు లోపల టార్చి వేసి చూస్తే ఉబ్బిన చోట నల్లటి పొర చీలి, తెల్లటి పీచు తేలి ఉంది, వేలితో నొక్కితే అక్కడ మెత్తగా తగిలింది. రిమ్ము వెనుక అంచులో గోరు తగిలేంత సన్నని పగులు కనిపించింది. కాబట్టి టైరూ రిమ్మూ రెండూ మార్చక తప్పదని తేలింది. ఇక మిగిలిన ప్రశ్న, ఒక టైరు వేయాలా రెండు వేయాలా?

ఆటోనగర్_మేస్త్రి
గ్రిప్పులోని గాడి లోతు కొలవండి. కొత్త కారు టైరుకు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది, చట్టం ఒప్పుకునే కనిష్ఠం 1.6 మిల్లీమీటర్లు. మీ మిగిలిన టైర్లలో 6 ఉంటే ఒక్కటి చాలు, 3, 4 దగ్గర ఉంటే ఒకే ఇరుసుకు రెండూ కొత్తవి వేయండి. ఒకే ఇరుసు మీద రెండు వైపులా ఒకే కంపెనీ, ఒకే కొలత, ఒకే డిజైను ఉండాలి. జత మార్చేటట్టయితే కొత్తవి వెనక్కి వేసి, వెనుకవి ముందుకు తేవాలి.

గ్రానైట్_లారీ
ఇంజను లాగేది ముందు చక్రాలను, బ్రేకు ఎక్కువ పడేదీ ముందే. కొత్తవి ముందు వేయకుండా వెనక వేయమనడం ఏమిటి?

ఆటోనగర్_మేస్త్రి
తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు సర్దుకుంటుంది. వెనుక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, మనలో ఎక్కువమంది దాన్ని పట్టుకోలేరు. టైరు కంపెనీలు సాధారణంగా అందుకే కొత్తవి వెనకే వేయమంటాయి. మన నెల్లూరు, ప్రకాశం వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి మనకిది ఇంకా ముఖ్యం.

కందుకూరు_కారు
ఒక్క టైరే కావాలంటే సెకండ్‌హ్యాండ్ టైరు చూసుకోవచ్చు కదా? సగం ధరకే దొరుకుతాయి.

లేత్_పని
ఆ టైరు ఎందుకు అమ్మకానికి వచ్చిందో ఆలోచించండి. గుంతలో పడి లోపల దారాలు తెగిన టైరులో గాలి లేనప్పుడు ఉబ్బు కనిపించదు. కొనేటట్టయితే లోపలి వైపు టార్చితో చూడండి, సైడు మీద డాట్ అని రాసి ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చదవండి. 2423 అని ఉంటే 2023లో 24వ వారంలో తయారైందని అర్థం. కొత్త టైరుకు కూడా ఇది చూడాలి, ఏళ్ల తరబడి గోదాములో ఉన్న సరుకును కొత్తదిగా అంటగట్టేవారు ఉన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కాబట్టి బిల్లులో అది కూడా చూసుకోండి.

చేపలపులుసు
అసలు ఈ 55 సిరీస్ టైర్లే మన రోడ్లకు తగవు. ఇదే కారు కింది మోడల్‌కు 185/65 ఆర్15 స్టీలు రిమ్ములు వస్తాయి. 195 మిల్లీమీటర్ల వెడల్పులో 55 శాతం అంటే సైడు ఎత్తు 107 మిల్లీమీటర్లు, 185లో 65 శాతం అంటే 120. ఆ 13 మిల్లీమీటర్ల రబ్బరే గుంతకూ రిమ్ముకూ మధ్య అడ్డు నిలిచేది. చక్రం మొత్తం ఎత్తు రెండింటికీ 621 మిల్లీమీటర్లే కాబట్టి స్పీడోమీటరు కూడా తేడా చూపదు. షోరూములో మెరుపు చూసి ఎక్కువ డబ్బు పెట్టి మరీ పలచటి టైర్లు కొనుక్కుంటున్నాం.

పొదిలి_బాట
అలా మార్చుకోవచ్చా?

ఆటోనగర్_మేస్త్రి
అదే కారుకు కంపెనీ ఆ కొలత ఇచ్చి ఉంటే మార్చుకోవచ్చు, నాలుగూ ఒకేసారి మార్చాలి, మీ మోడల్ బ్రేకు డిస్కు 15 అంగుళాల రిమ్ములో పడుతుందో లేదో ముందు ఎక్కించి చూడాలి. అల్లాయ్ నట్లు, స్టీలు రిమ్ము నట్లు ఒకటి కాకపోవచ్చు, అదీ గమనించండి. బీమా కంపెనీకి ఒక మాట రాసి పెట్టండి.

బుష్_బేరింగ్
అందరూ చక్రం దగ్గరే ఆగిపోయారు. ఆ దెబ్బ చక్రం నుంచి లోయర్ ఆర్మ్, దాని బుష్‌లు, బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, షాక్ అబ్జార్బర్ వంటి సస్పెన్షన్, స్టీరింగ్ భాగాల దాకా పోతుంది. బండిని లిఫ్ట్ మీద ఎత్తించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే బాల్ జాయింట్, బేరింగ్ వదులు తెలుస్తుంది. ఎడమా కుడీ పట్టుకొని ఊపితే టై రాడ్ వదులు తెలుస్తుంది. అవి చూడకుండా అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సర్దుబాటు, చేయించడం డబ్బు దండగ, వదులైన భాగం మార్చగానే అది మళ్లీ తప్పుతుంది.
కొత్త టైరు వేసిన తరువాత ఎనభై, తొంభై వేగంలో స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్, సీటు వణికితే వెనుక చక్రాలది చూడాలి. రోడ్డు సమంగా ఉన్నా బండి ఒక పక్కకు లాగినా, నేరుగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ వంకరగా నిలిచినా అది అలైన్‌మెంట్. వేగంతో పాటు పెరుగుతూ గుర్రుమనే మోత వస్తే బేరింగ్. ఈ మూడింటికీ ఒకే పేరు పెట్టి బిల్లు వేసే షాపులు ఉన్నాయి.

మైపాడు_బైకు
మోటారుసైకిల్ వారిని మరిచిపోయారు. బైకు అల్లాయ్ చక్రానికి పగులు పడితే మారు మాట లేదు, మార్చాల్సిందే. చువ్వల చక్రమైతే సరిచేసేవారి దగ్గర తిప్పి చూసి చువ్వలు బిగించుకోవచ్చు. హ్యాండిల్ నేరుగా ఉన్నా చక్రం ఒక పక్కకు చూస్తుంటే ఫోర్క్ వంగి ఉండవచ్చు. నెల్లూరు నుంచి మైపాడు బీచికి ఆదివారం పూట ముగ్గురేసి ఎక్కి పోయేవారి వెనుక రిమ్ములు ముందు పోతాయి.

ఒంగోలు_గిత్త
గాలి సంగతి ఎవరూ మాట్లాడలేదు. మా ఊరి ఎండకు టైర్లు పేలతాయని వేసవిలో నేను ఎప్పుడూ నాలుగైదు పాయింట్లు తగ్గించే నింపిస్తాను.

ఆటోనగర్_మేస్త్రి
దయచేసి ఆ అలవాటు మానండి. గాలి తగ్గితే సైడు ఎక్కువగా మడతపడుతూ తిరుగుతుంది, ఆ మడతకే వేడి పుడుతుంది, పేలేది ఆ వేడికే. గుంతలో పడ్డప్పుడు రిమ్ముకు తగిలేదీ గాలి తక్కువైన టైరే. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్నంత, ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు నింపించండి.

కందుకూరు_కారు
గుంత కనిపించగానే గట్టిగా బ్రేకు వేయడమే మంచిది కదా?

బుష్_బేరింగ్
గుంతకు ముందు వేయండి, అంచు దగ్గరికి వచ్చేసరికి వదిలేయండి. బ్రేకు నొక్కి ఉంటే బరువంతా ముందుకు వచ్చి, స్ప్రింగు అప్పటికే నలిగి ఉంటుంది, గుంత దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. స్టీరింగ్ నేరుగా ఉంచండి. పక్కన బైకు ఉందో లేదో చూడకుండా పక్కకు కోయడం కంటే టైరు పోగొట్టుకోవడం నయం.

ఉదయగిరి_కొండ
ఫిర్యాదు గురించి అడిగారు. రోడ్డు ఎవరిదో ముందు తెలుసుకోవాలి, దానికి కిలోమీటరు రాయి చాలు. రాయి తల పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే గ్రామీణ రోడ్డు. కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా పోయే 16వ నంబరు వంటి జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చేయవచ్చు, రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో ఫొటో పెట్టవచ్చు. రాష్ట్ర రహదారి అయితే రోడ్లు భవనాల శాఖ డివిజన్ కార్యాలయంలో రాసి ఇవ్వాలి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి. పగటిపూట తీసిన ఫొటో, దగ్గరి కిలోమీటరు రాయి అంకె, గుంత పక్కన కొలత తెలిసేలా ఒక సీసానో చెప్పో ఉంటే అర్జీకి బలం ఉంటుంది.

చేపలపులుసు
నా టైరు డబ్బులు ప్రభుత్వం ఇవ్వాలని చట్టం ఉందని ఎక్కడో చదివాను.

ఉదయగిరి_కొండ
మీరు చదివినది మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్ అయి ఉంటుంది. రోడ్డును ప్రమాణాల ప్రకారం నిర్మించని, నిర్వహించని కాంట్రాక్టరుకు గానీ సంబంధిత అధికార సంస్థకు గానీ లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చని అందులో ఉంది. ఆ వైఫల్యం వల్ల మరణం గానీ వైకల్యం గానీ కలిగినప్పుడే అది వర్తిస్తుంది. టైరు పోయినందుకు దాని కింద ఏమీ రాదు.

పొదిలి_బాట
టైర్లు రెండూ వెనక్కి వేయించాను, పాతవి ముందుకు వచ్చాయి. రిమ్ము ఒకటి కొత్తది. లిఫ్ట్ మీద చూస్తే ఎడమ లోయర్ ఆర్మ్ బుష్ చిరిగి ఉంది, అది మార్చిన తరువాతే అలైన్‌మెంట్ చేయించి ముందూ వెనుకా అంకెల కాగితం తీసుకున్నాను. ఖర్చు లెక్క చూసి క్లెయిమ్ వద్దనుకున్నాను. ఆ చోటి రాయి తల రంగు చూసి సోమవారం ఒంగోలులో అర్జీ ఇస్తాను. ఒక్క సందేహం, నట్లు ఎయిర్ గన్నుతో బిగించారు, మళ్లీ చూపించాలా?

లేత్_పని
చూపించాలి. కొత్త రిమ్ము వేసిన తరువాత 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు నట్లు ఒకసారి బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో సరిచూడాలి. ఎంత బిగించాలో మీ కారు పుస్తకంలో ఉంటుంది, ఒకదాని తరువాత ఎదుటి దాన్ని బిగిస్తూ పోవాలి. గన్నుతో అదుపు లేకుండా బిగిస్తే రేపు దారిలో స్టెప్నీ వేయాల్సి వచ్చినప్పుడు కారుతో ఇచ్చిన ఆ చిన్న స్పానరు మీద ఎక్కి నిలబడ్డా నట్టు కదలదు.

కావలి_స్టెప్నీ
స్టెప్నీని డిక్కీలో పెట్టేముందు దానికి కూడా గాలి నింపించండి.